చెదమందు

కోనసీమలో ఓ పాత మండువా లోగిలి. ఒక వానాకాలం వడ్రంగి మేస్త్రి దూలాన్ని ఉలిపిడితో తట్టి, "లోపల చెద మొదలైంది బాబుగారూ, ఈ మందు రోజూ పూయించండి" అని సీసా ఇచ్చి వెళ్ళాడు.

పెద్దాయన నెల పూశాడు. చెద జాడ లేదు. ఇంకా మందెందుకని సీసా అటకెక్కించాడు. అసలు సంగతి వేరే ఉంది. ఆ ఘాటుకు ఆయనకు కడుపులో తిప్పేది. పైగా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, చెదపట్టిన ఇల్లని నలుగురికీ తెలియడమెందుకు? ఎదురింటాయన "మొదలెడితే జన్మంతా పూయాలి, ఆ మందే కర్రను తినేస్తుంది" అని భయపెట్టి, వేపాకు పొగ వేయమన్నాడు.

మేస్త్రి కొడుకు తనిఖీకి వస్తున్నాడంటే రెండ్రోజుల ముందే దూలాలు తుడిచి నూనె రాసేవారు. కుర్రాడు తట్టి చూస్తే డొల్ల మోత. చెడామడా తిట్టి పోయాడు. సీసా మాత్రం అటక దిగలేదు.

చివరికి మేస్త్రే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఎందుకు మానేశారు బాబూ?" అని అడిగాడు. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. పెద్దాయన అంతా చెప్పాడు.

"ఇంతేనా! అన్నం తిన్నాక పూయండి. ఘాటు తక్కువ రకం కూడా ఉంది, తెచ్చిస్తాను."

మూలదూలం అప్పటికే పోయింది. మిగతావి నిలబడ్డాయి.

నీతి: షుగరూ చెదలాంటిదే, చాలాకాలం నొప్పి తెలియనివ్వదు. మాత్ర వేసుకుంటుండగా ఫాస్టింగ్ షుగర్ అదుపులో ఉందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, అక్కర్లేదని కాదు. పరీక్షకు ముందు రెండ్రోజులు నోరు కట్టుకుంటే ఫాస్టింగ్ అంకె తగ్గుతుందేమో గానీ, హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల లెక్క బయటపెడుతుంది. షుగర్ మాత్రలు కిడ్నీలను తినేస్తాయని ఊరంతా అంటుంది. ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగరే వాటిని దెబ్బతీస్తుందని మాత్రం ఎవరూ అనరు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో మొదట్లో కడుపు తిప్పడం, విరేచనాలు మామూలే. భోజనంతో వేసుకుంటేనో, నెమ్మదిగా కరిగే రకానికి మార్పిస్తేనో చాలామందికి తగ్గుతాయి. కాకరకాయ రసం తాగాలనుంటే తాగండి, డాక్టరుకు చెప్పి, మాత్ర మానకుండా.

మీ ఇంట్లో ఎవరైనా మాత్ర మానేస్తే కేకలేయకండి. ఎందుకు మానేశారో అడగండి. ఈసారి డాక్టరు దగ్గరికి మందుల చీటీతో పాటు ఆ కారణాన్నీ పట్టుకెళ్ళండి.