నిగ్రహం ఎవరి సొమ్ము?

చిన్నప్పుడు మా ఇంట్లో సున్నుండల బీరువా తాళంచెవి నా దగ్గర ఉండేది. ఎందుకంటారా? నాకు నిగ్రహం ఎక్కువని మా అమ్మ నమ్మకం. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, చెల్లికి తొమ్మిది. అది బొద్దుగా ఉండేది. నేను చీపురుపుల్లని. చుట్టాలొచ్చినప్పుడల్లా "పెద్దది బంగారమండీ, నోరు తెరిచి ఏదీ అడగదు. చిన్నదానికే జిహ్వచాపల్యం" అని అమ్మ చెబుతుంటే, తలొంచుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఒకరోజు చెల్లి నా పుస్తకాల సంచిలోంచి తాళంచెవి తీసి రెండు సున్నుండలు తినేసింది. అమ్మ లెక్కపెట్టింది. ఇరవై ఉండాల్సిన డబ్బాలో పద్దెనిమిదే ఉన్నాయి. ఆ సాయంత్రం జరిగిన పంచాయితీ మీకు వర్ణించి చెప్పక్కర్లేదు, ఏదో ఒక రూపంలో మీ ఇళ్ళల్లోనూ జరిగే ఉంటుంది. దొంగతనం చేసినందుకు కన్నా తిండిపోతు అయినందుకే దానికి ఎక్కువ చీవాట్లు పడ్డాయి. అరిషడ్వర్గాల్లో తిండి పేరు లేకపోయినా, మనం దాన్ని ఏడో శత్రువుగా ఎప్పుడో కలిపేసుకున్నాం!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య లెప్టిన్ అనేదాని గురించి చదివాను. నేను బి.ఏ. వెలగబెట్టినదాన్ని. కణాలూ, జన్యువులూ అంటే పేజీ తిప్పేసే రకం. కానీ ఇది ఆకలి కథ. వంటింటి మనిషిని కదా, ఆగి చదివాను.

మన ఏడో క్రోమోజోము మీద ఒక జన్యువుంది. లెప్టిన్ అనే చిన్న ప్రొటీన్ ఎలా తయారుచెయ్యాలో అందులో రాసి ఉంటుంది. 146 అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ అది. ఒంట్లోని కొవ్వు కణాలు దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అది మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కి చేరి ఓ కబురు చెబుతుంది. "డబ్బాలో బియ్యం ఉన్నాయి, కంగారు పడకు" అని. ఆ కబురు తగ్గిందంటే, కరువొచ్చిందనుకుని మెదడు ఆకలిని లేపుతుంది.

1949లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, జాక్సన్ లేబొరేటరీలో, విపరీతంగా తిని బంతుల్లా తయారయ్యే చిట్టెలుకలు కనబడ్డాయి. తర్వాత అక్కడే డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి ఎలుకనీ, మామూలు ఎలుకనీ ఒకదాని రక్తం ఇంకోదానికి పారేలా జతచేసి చూశారు. లావు ఎలుక తిండి తగ్గించింది! మామూలు ఎలుక రక్తంలో ఏదో కబురుందని ఆయనకి అర్థమైంది. ఆ కబురేమిటో 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. గ్రీకు భాషలో లెప్టోస్ అంటే సన్నం. పేరు అలా వచ్చింది.

ఎలుకల సంగతి మనకెందుకు అనుకుంటున్నారా? ఆ తర్వాతది పిల్లల కథ. 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వైద్యులు స్టీఫెన్ ఒరాహిలీ, సదాఫ్ ఫరూఖీ, వాళ్ళ తోటివారూ ఒకే కుటుంబంలోని ఇద్దరు పిల్లల గురించి ప్రకటించారు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు. రెండేళ్ళ బాబు 29 కిలోలు. ఎంత పెట్టినా ఆకలి తీరేది కాదు. ఆ కుటుంబంలో పెళ్ళిళ్ళు దగ్గరి చుట్టరికాల్లోనే జరిగేవి. మేనరికాలు ఎరిగిన మనకి ఇది కొత్త కాదు. ఒకే లోపం అటు తల్లి నుంచీ, ఇటు తండ్రి నుంచీ బిడ్డకి చేరింది. ఆ జన్యువు రాతలో ఒక్కటంటే ఒక్క అక్షరం ఎగిరిపోయింది. దాంతో కబురు మెదడుకి అందలేదు. ఒంటి నిండా కొవ్వున్నా మెదడు లెక్కలో డబ్బా ఖాళీ!

లెప్టిన్‌ని రోజూ ఇంజెక్షన్‌గా ఇస్తే, ఏడాదిలో ఆ పాప 16 కిలోలు తగ్గిందని 1999లో ప్రకటించారు. అందరు పిల్లల్లాగే కాస్త తిని చాలనడం మొదలుపెట్టింది.

ఇక్కడే నా మనసు ఆగిపోయింది. ఆ పాపకి ఎవరూ నీతులు చెప్పి మార్చలేదు. సూదిమందు ఇచ్చారు, నిగ్రహం వచ్చింది. అయితే అంతకుముందు దానికి లేనిదేమిటి? గుణమా, కబురా?

"అలా అయితే మనిషి చేతిలో ఏమీ లేదా? రేపు ప్రతివాళ్ళూ నా జన్యువు అంతే అని చేతులు దులుపుకుంటే?" అని మీరడగచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి పిల్లలు బహు అరుదు. లావుగా ఉండేవాళ్ళలో చాలామందికి లెప్టిన్ పుష్కలంగానే ఉంటుందట, మెదడే ఆ మాట సరిగా చెవిని పెట్టదు. ఆ సూదిమందు వాళ్ళకి అంతగా పనిచెయ్యదు. మా చెల్లికీ ఆ జబ్బు లేదు. కాబట్టి నేను ఎవరికీ వకాల్తా పుచ్చుకోవడం లేదు.

నా పేచీ అంతా నాతోనే. నాకు సున్నుండలు తినాలనిపించేది కాదు. ఒకటి తింటే చాలనిపించేది. లేని ఆకలిని జయించడం ఏం జయమండీ? వాన పడని ఊళ్ళో ఇల్లు కారలేదని మేస్త్రిని పొగిడినట్టుంది. నలభై ఏళ్ళు దాటేదాకా ఆ పొగడ్తని నా సొమ్మే అనుకుని దాచుకున్నాను. పైపెచ్చు అదే కొలబద్దతో చెల్లిని కొలిచాను. పెళ్ళి విందుల్లో దాని విస్తరివైపు నేను చూసిన చూపులు దానికి తెలియకుండా ఉంటాయా?

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ సంగతంతా దానికి చెప్పాను. అరిసెలు వత్తుతూ విని నవ్వింది.

"ఆ శాస్త్రం నాకు తెలీదు గానీ అక్కా, ఆ రోజు డబ్బా మూత తీస్తే ఇరవయ్యీ తినెయ్యాలనిపించింది. ఏడుపొచ్చింది. రెండు తిని, మూతపెట్టి, తాళం వేసేశాను."

నేను మాట్లాడలేకపోయాను. అది తిన్న రెండూ ఇంటిల్లిపాదీ లెక్కపెట్టాం. అది వదిలేసిన పద్దెనిమిదీ ఇన్నేళ్ళలో ఒక్కరం కూడా లెక్కపెట్టలేదు.