భీష్ముడికి దిండు ఎవరిచ్చారు? వృద్ధాశ్రమానికి వెళ్లేముందు ఒక్కసారి చదవండి



ఈ వారం వీడియోలో భీష్ముడి అంపశయ్య గురించి చెప్పుకున్నాం కదా. చివర్లో "వృద్ధాశ్రమాలకు వెళ్లేవాళ్లు ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి" అని ఒక మాట అని, టైం సరిపోక ఆపేశాను. ఆ మిగతా భాగమే ఇది. కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా, మన వయసు వాళ్లు వృద్ధాశ్రమానికి వెళ్లే పద్ధతి దాదాపు ఒకటే. పుట్టినరోజు వస్తే ఆ పూట భోజనం స్పాన్సర్ చేస్తాం. కేకు కోస్తాం, పళ్లు పంచుతాం, ఫోటోలు దిగుతాం, గంటన్నరలో బయటపడతాం. అన్నదానం గొప్పదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గంటన్నరలో అక్కడి పెద్దవాళ్లకు ఉన్న పనేమిటో చూడండి. వరుసగా కూర్చోవడం, చప్పట్లు కొట్టడం, అక్షింతలు వేసి దీవించడం. అక్టోబరు 1 వృద్ధుల దినోత్సవం నాడైతే ఒక బృందం వెళ్లకముందే ఇంకో బృందం వచ్చేస్తుంది, వాళ్లకీ చప్పట్లు కొట్టాలి. ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మాత్రం ఎవరూ ఉండరు. భోజనం అయిపోయింది, మందులు వేసుకున్నారు, నిద్ర రాదు, సాయంత్రం టీకి ఇంకా టైముంది. ఆ మూడు గంటల వేళ గురించే నేను మాట్లాడాలనుకుంటున్నది.

భీష్మ పర్వానికి వద్దాం. పదో రోజు యుద్ధంలో ఆయన పడిపోయాడు. ఒళ్లంతా బాణాలే, వాటి మీదే శరీరం నిలిచింది. తల ఒక్కటి కిందికి వేలాడుతోంది. "నా తలకు దిండు కావాలి" అన్నాడు. చుట్టూ ఉన్న రాజులు పరుగెత్తి మెత్తని, ఖరీదైన దిండ్లు తెచ్చారు. ఆయన నవ్వి, ఇవి ఈ పడకకు తగినవి కావన్నాడు. అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడికి అర్థమైంది. మూడు బాణాలు నేలలోకి వేసి వాటి మీద తాతగారి తల ఆనించాడు. భీష్ముడు సంతోషించాడు. దుర్యోధనుడు శస్త్రవైద్యులను కూడా తీసుకొచ్చాడు, బాణాలు పీకించడానికి. "వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి, గౌరవంగా పంపించెయ్యి" అన్నాడు తాత.

రాజులకు ప్రేమ లేదని కాదండీ. వాళ్లు తెచ్చింది నిజంగానే మెత్తటి దిండు. కానీ అది వాళ్లు ఊహించుకున్న సుఖం. మనం పట్టుకెళ్లే పళ్లబుట్ట, లౌడ్‌స్పీకరు, డ్యాన్సు ప్రోగ్రాం చాలాసార్లు ఆ మెత్తటి దిండ్లే. (షుగరున్న పెద్దాయన చేతిలో లడ్డూ పెట్టి ఫోటో తీయడం ఇంకో రకం దిండు!)

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం మన దేశంలో 2007లో చట్టమే వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అందులో చెప్పారు. చట్టం అంతవరకే చెప్పగలదు. ఈ నాలుగూ చక్కగా అమరిన గదిలో కూర్చుని కూడా "నాతో ఇక ఎవరికీ పని లేదు" అనుకునే మనిషికి ఏం ఇవ్వాలో చట్టంలో ఎలా రాస్తారు?

నాకు తెలిసిన ఒక హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. క్యారమ్స్ ఆడరు, భజనకు రారు, టీవీ హాల్లోకి అడుగుపెట్టరు. "ఆయన ఎవరితోనూ కలవడండీ" అని సిబ్బంది చెప్పేశారు. జీవితమంతా టైలరింగ్ చేసిన మనిషి. ఒకరోజు ఒకమ్మాయి తన దుపట్టా అంచు ఊడిపోతే, "తాతగారూ, ఇది ఎలా కుట్టాలి?" అని అడిగింది. అంతే! కళ్లజోడు సరిచేసుకుని, దారం రంగు కలవలేదని ఆ పిల్లను తిట్టి మరీ కుట్టారు. ఇప్పుడు ఆ హోమ్‌లో ఊడిన బొత్తాలన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి. మధ్యాహ్నం మూడింటికి ఆయన బిజీ.

మన శాస్త్రాలు చెప్పిన వానప్రస్థం కూడా ఖాళీగా కూర్చునే ఆశ్రమం కాదు. అడవిలో ఉన్నవాడు సైతం అధ్యయనం మానకూడదు, అతిథి వస్తే ఉన్నదాంట్లోనే పెట్టాలి. అంటే ఆ వయసులో కూడా మనిషి ఇచ్చేవాడే. మనమేమో పెద్దవాళ్లను ఎప్పుడూ పుచ్చుకునే వైపే కూర్చోబెడుతున్నాం. భక్తిలోనూ అంతే. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణం. భక్తి ఛానల్ పెట్టి హాల్లో కూర్చోబెడితే (మన ఛానలే అనుకోండి) ఆ ఒక్కటి అయింది. కీర్తనం? అర్చన? సేవ? మిగతా ఎనిమిదింటికి చేతులు, నోరు, మనసు కదలాలి కదా.

అందుకే హోమ్‌లో ఏదైనా వ్యాపకం మొదలుపెట్టాలంటే నేను చూసేది ఒక్కటే: వాళ్లు చేసింది గేటు దాటి బయటికి వెళ్తుందా? ఎవరైనా దాన్ని వాడతారా? కాలక్షేపానికి రంగులు వేయించి, మనం వెళ్లగానే ఆ కాగితాలు చెత్తబుట్టలో పడితే, ఆ సంగతి వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు చిన్నపిల్లలు కారు.

కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్ట వెలిగిస్తాం. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నింటికీ కలిపి అని మన నమ్మకం. ఆ కట్టలు మనం గుడి ముందు కొట్టులో కొనేస్తున్నాం. హోమ్‌లో ఉన్న బామ్మలకు వత్తి చేయడం కళ్లు మూసుకుని వచ్చిన విద్య. ఒకరు దూది విడదీస్తారు, ఒకరు వత్తి చేస్తారు, చేతులు వణికేవాళ్లు లెక్క పెడతారు. లెక్కలో గొడవలొస్తాయి, రానివ్వండి, ఆ గొడవే సందడి. కట్టలు దగ్గరి గుడికి ఇచ్చి, అక్కడ వెలుగుతున్నప్పుడు వీడియో తీసి తిరిగి వాళ్లకు చూపించండి. ఈ చివరి పని మర్చిపోవద్దు.

ఇంకొకటి గోటి తలంబ్రాలు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి తూర్పుగోదావరి కోరుకొండ ప్రాంతం భక్తులు వడ్లు పండించి, రోకలి తగలనివ్వకుండా గోళ్లతో ఒక్కో గింజా ఒలిచి పంపుతారు. గింజ విరగకూడదు. నెలల ముందు నుంచి ఎందరో చేతులు కలిపే పని. అలాంటి బృందాల నుంచి ఒక గుప్పెడు వడ్లు తెచ్చి హోమ్‌లో ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. తను ఒలిచిన గింజ రాములవారి తల మీద పడుతుందని తెలిసిన మామ్మగారికి ఆ మధ్యాహ్నం ఎంత చిన్నదైపోతుందో! కీళ్లనొప్పులున్న వాళ్లను మాత్రం బలవంతపెట్టకండి. వాళ్లకు విరిగినవి ఏరే పని ఇవ్వండి.

అందరికీ భక్తి వ్యాపకాలే ఇష్టం ఉండాలని లేదు. దేవుడంటే నమ్మకం లేని తాతగారూ ఉంటారు, వేరే మతం వాళ్లూ ఉంటారు. చదరంగం, అష్టాచెమ్మా, వామనగుంటలు, తోటలో కరివేపాకు మొక్క, పాత సినిమా పాటల అంత్యాక్షరి, ఏదైనా సరే. మతిమరుపు జబ్బు బాగా ముదిరి కన్నకూతురి పేరు గుర్తురాని వాళ్లు కూడా చిన్నప్పటి పాట ఎత్తుకుంటే పక్క లైను అందుకోవడం చూస్తుంటాం. అలాంటివాళ్లకు చాలామందికి సాయంకాలం అయ్యేసరికి కంగారు ఎక్కువవుతుంది. ఆ వేళ హడావిడి వద్దు. దీపం పెట్టి, మెల్లగా ఒక పాట, చాలు.

ఇప్పుడు మళ్లీ అంపశయ్య దగ్గరికి. యుద్ధం అయిపోయింది, ధర్మరాజు పట్టాభిషేకం జరిగింది. కృష్ణుడు పాండవులను భీష్ముడి దగ్గరికి తీసుకెళ్లి, ధర్మాలు చెప్పమని అడిగాడు. "ఒళ్లంతా మంటగా ఉంది, మాట రావడం లేదు, అయినా నువ్వుండగా నేను చెప్పడమేమిటి?" అన్నాడాయన. కృష్ణుడు ఏం చేశాడు? ముందు నొప్పి తీసేశాడు. ఆకలి దప్పికలు బాధించకుండా, తెలివి స్పష్టంగా ఉండేలా వరమిచ్చాడు. అప్పుడు, "నీ కీర్తి పెరగాలి, అందుకే నీ నోటితోనే చెప్పాలి" అన్నాడు. సర్వజ్ఞుడు పక్కకు నిలబడి, పడకలో ఉన్న తాతను మాట్లాడనిచ్చాడు. శాంతి పర్వం, అనుశాసనిక పర్వం, మనం రోజూ చదివే విష్ణు సహస్రనామం అలా వచ్చాయి. ధర్మరాజు ఆరు ప్రశ్నలు అడగకపోతే ఆ వెయ్యి నామాలు మనదాకా వచ్చేవా?

మనం వరాలివ్వలేం. కానీ కళ్లజోడు అద్దాలు తుడవగలం, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చూడగలం, నడుం నొప్పి ఉన్నవాళ్లకు వీపు వెనక దిండు పెట్టగలం. సగం మంది "ఏ కార్యక్రమానికీ రారు" అనిపించుకునేది వినపడక, కనపడక. ముందు అది చూడండి, తర్వాతే ఆట అయినా, పాట అయినా.

ఇక అసలు మాట. ఇది చదువుతున్న వాళ్లలో కొందరికి సొంత అమ్మమ్మో, నాన్నగారో హోమ్‌లోనే ఉండి ఉంటారు. "పాపం చేశామా గురువుగారూ?" అని నన్ను అడుగుతుంటారు. ఒక్కో ఇంట్లో ఒక్కో పరిస్థితి, నేను తీర్పు చెప్పను. కానీ ఒకటి గమనించాను. చాలామంది వెళ్లకపోవడానికి కారణం ప్రేమ లేక కాదు, మొహం చూపించలేక. వెళ్తే ఏడుస్తుందేమో, ఇంటికి తీసుకెళ్లమంటుందేమో అని. ధర్మరాజుదీ ఇదే పరిస్థితి. తాత ఆ బాణాల మీద పడి ఉండటానికి కారణం తన యుద్ధమే. సిగ్గుతో, భయంతో దగ్గరికి రాలేకపోతున్నాడని కృష్ణుడే భీష్ముడికి చెప్పాడు. భీష్ముడు ఒక్క నిష్ఠూరమాడకుండా, భయపడకుండా రమ్మని, అడగదలుచుకున్నవి అడగమని దగ్గరికి పిలిచాడు.

మీ అమ్మమ్మ అలాగే అంటుందని నేను హామీ ఇవ్వలేను. మొదటిసారి ఏడవచ్చు, తిట్టవచ్చు. అయినా వెళ్లండి. వారంలో ఒకే రోజు, ఒకే టైముకి వెళ్లండి, ఆమె ఎదురుచూడటానికి ఒక వేళ ఉంటుంది. డల్లాస్‌లోనో, సిడ్నీలోనో ఉంటే ఆ టైముకి వీడియో కాల్ చేయండి. "తిన్నావా, మందులేసుకున్నావా" అని నర్సు అడిగేవే మళ్లీ అడగకండి. ఆవకాయలో ఆవపిండి పాళ్లెంత అని అడగండి. వాళ్ల ఊళ్లో నవమి పందిరి ఎవరు వేసేవారో అడగండి. ఆమె చెప్తుంటే రాసుకోండి, తప్పు రాస్తే దిద్దనివ్వండి.

కార్తీకానికి వత్తులు మొదలుపెడతానంటే ఒక చిన్న సంగతి. మెడికల్ షాపులో దూది చుట్ట కొనుక్కుని వెళ్లకండి, మంచి పత్తి సంపాదించండి. ఎందుకో నన్ను కాదు, అక్కడున్న మామ్మగారినే అడగండి.