చింతకు చిక్కని ఒళ్లు

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థౌల్యానికి, అంటే మితిమీరిన లావుకు, చెప్పిన కారణాల్లో అతిగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్ర వంటివాటితో పాటు నిత్య సంతోషం, ఏ చింతా లేకపోవడం కూడా ఉన్నాయి. లావు తగ్గదలచినవాడు మెలకువనూ, శ్రమనూ, చింతననూ క్రమంగా పెంచుకోవాలని అదే అధ్యాయం విధిస్తుంది. తెలుగువారి వాడుక కూడా దీనికి వంతపాడుతుంది: బెంగ పెట్టుకున్నవాడు చిక్కి సగమవుతాడు, దిగులు లేనివాడికి ఒళ్లు వస్తుంది. ఈ లెక్కన హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివేవారంతా పుల్లల్లా ఉండాలి. కానీ కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట మాత్రం ముందుకొచ్చినవారు ఆ వీధుల్లో అరుదేమీ కాదు.

అంతమాత్రాన పాత శాస్త్రం తప్పిందనడం తొందరపాటు. అయినవారు పోయినప్పుడో, పంట మునిగినప్పుడో అన్నం సహించదు, మనిషి చిక్కుతాడు. ఆ దిగులు కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. పరీక్షార్థి చింతకు అలాంటి గడువు లేదు. తెలంగాణ గ్రూప్-1 సంగతే తీసుకుంటే, 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్ 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది, జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఉపసంహరించి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. అన్నాళ్లూ రోజుకు పది పన్నెండు గంటలు రీడింగ్ రూమ్ కుర్చీలో గడిపిన శరీరంలో ఆకలి చావదు, దారి తప్పుతుంది: మెస్‌లో పలచటి సాంబారుతో కంచం నిండా అన్నం, రాత్రి పదకొండింటికి రోడ్డు పక్క బండి మీద ఎగ్ నూడుల్స్, నిద్ర ఆపుకోవడానికి చక్కెర దండిగా వేసిన చాయ్.

భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథినీ, అది మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులనూ ప్రేరేపించగా, కార్టిసాల్ అనే హార్మోను వెలువడి పరుగుకో పోరుకో కావలసిన చక్కెరను రక్తంలోకి తెస్తుంది. పరుగూ పోరూ లేకుండా ఆ హార్మోను మాత్రం నెలల తరబడి ఎక్కువగా ఉంటే మనసు తీపి మీదికీ నూనె వంటకాల మీదికీ పోతుంది, కండ కరుగుతుంది, కొవ్వు పొట్ట లోపల పేగుల చుట్టూ చేరుతుంది. కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు చర్మం కింది కొవ్వులో కన్నా ఆ లోపలి కొవ్వులో ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. అందరికీ ఇలాగే జరగదు. నిజంగానే తిండి మానేసి చిక్కేవారూ ఉంటారు. నిద్ర సంగతి ఇంకా ఆశ్చర్యకరం. 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అధిక బరువున్న పదిమందికి తిండి తగ్గించి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోనిస్తే, బరువు రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా తగ్గింది గానీ, నిద్ర తక్కువైనప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ. మేలుకుని ఉండమన్న చరకుడి సలహా తిని పగలు పడుకునే కలిగినవాడిని ఉద్దేశించినదే తప్ప, రాత్రి రెండింటిదాకా చదివేవాడికి చెప్పినది కాదు. చింత, శోకం, భయం, నిద్రలేమి ఉన్నవాడికి మితంగా తిన్న పథ్యమైన అన్నం కూడా అరగదని విమానస్థానంలో అదే గ్రంథం అన్న మాట ఇతనికి సరిపోతుంది.

అసలు చిక్కు బాధ్యత దగ్గర వస్తుంది. బుద్ధి, ధృతి అనే మనోనిగ్రహం, స్మృతి చెదిరి మనిషి తనకు చేటయ్యే పని తానే చేయడాన్ని ఆయుర్వేదం ప్రజ్ఞాపరాధం అంటుంది. లావును తిండిపోతుతనానికీ సోమరితనానికీ గుర్తుగా చూసే లోకానికి ఇది చేతికందిన నింద. కానీ భయమూ నిద్రలేమీ ఆ ధృతినే తినేస్తున్నప్పుడు అపరాధమంతా తిన్నవాడిదే అనడం న్యాయమా? గీత 18వ అధ్యాయం ఏ కర్మకైనా అధిష్ఠానమైన శరీరం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అనే ఐదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తనని చూసేవాడిని దుర్మతి అంటుంది. ఎదుటివాడిని ఒక్కడినే కర్తగా చూసేవాడికీ ఆ మాట వర్తించాలి.

సంయుత్తనికాయంలో, అతిగా తిని రొప్పుతూ వచ్చిన కోసలరాజు ప్రసేనజిత్తును బుద్ధుడు నిందించలేదు, ఉపవాసమూ విధించలేదు. ఎరుకతో మితంగా తినేవాడి బాధలు పలచబడతాయన్న గాథ ఒకటి చెప్పాడు. రాజు సుదర్శనుడనే యువకుడికి రోజుకు నూరు కహాపణాలు, అంటే ఆనాటి నాణేలు, ఇచ్చి భోజనవేళ ఆ గాథను చదివించుకొని క్రమంగా తిండి తగ్గించుకున్నాడు. అంటే రాజుకైనా పక్కన ఉండి గుర్తుచేసే మనిషీ, అతనికి జీతమిచ్చే ఖజానా కావలసివచ్చాయి. ఫోన్ చూస్తూ ఒంటరిగా తినే హాస్టల్ పిల్లవాడికి ఈ రెండూ లేవు.

అతనికి అందుబాటులో ఉన్నది గురువారం ఉపవాసం. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి కిటకిటలాడుతుంది. ఉద్యోగం కోసం మొక్కినవారిలో పొట్ట కూడా తగ్గుతుందని లోలోపల ఆశించేవారు ఉండరని చెప్పలేం. అయితే బాబా తాను ఉపవసించేవారు కారనీ, ఇతరులను ఉపవసించనిచ్చేవారు కారనీ సాయిసచ్చరిత్ర 32వ అధ్యాయం చెబుతుంది. మూడు రోజులు ఉపవాసం ఉండాలని వచ్చిన గోఖలే అనే స్త్రీని దాదా కేల్కర్ అనే భక్తుడి ఇంటికి వెళ్లి బొబ్బట్లు చేసి పిల్లలకు పెట్టి తానూ తినమన్నారు. యోగికి తిండితో పాటు నిద్రా మెలకువా కూడా మితంగా ఉండాలని గీత 6వ అధ్యాయం చెప్పినా, మొక్కుల్లో ఎక్కువగా వినబడేది తిండి మానడమే. రాత్రి పదింటికి పుస్తకం మూసి పడుకుంటానని మొక్కుకునే ఆచారం ఇంకా ఏర్పడలేదు.