ఇంటి పని జరుగుతోందా? ముందు ఒక బాలాలయం కట్టుకోండి



ఇల్లు బాగు చేయించుకుందామనుకునే వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలంటారు కదా, మా ఫ్లాట్‌లో కుదరట్లేదు, ఏం చేయాలి? పూజ అల్మరా ఈశాన్యం నుంచి కదపొచ్చా? ఆషాఢంలో పని మొదలుపెట్టొచ్చా? మంచి ప్రశ్నలే. మీ ఇంటి పురోహితులు, వాస్తు తెలిసిన పెద్దలు వీటికి జవాబు చెబుతారు. ఇప్పటిదాకా నన్ను ఒక్కరు కూడా అడగని ప్రశ్న మాత్రం ఒకటుంది. "ఈ పని జరిగే రెండు నెలలూ ఇంట్లో మేం ఒకరితో ఒకరం ఎలా ఉండాలి?"

ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఇంటి పని జరిగేటప్పుడు మంచివాళ్ళు కూడా చిరాకుపడతారు. ఫ్రిజ్ హాల్లో ఉంటుంది, బీరువా మంచానికి అడ్డంగా ఉంటుంది, పోపుల డబ్బా ఏ అట్టపెట్టెలో ఉందో ఎవరికీ తెలియదు. పక్క గదిలో డ్రిల్లింగ్ మిషన్ మోగుతుంటే కోడలు ఇక్కడ ఆఫీసు కాల్‌లో ఉంటుంది. ప్లంబర్ వస్తానన్న రోజు రాడు. అనుకున్న బడ్జెట్ దాటిపోతుంది. ఇన్నిటి మధ్య ఎవరో ఒక మాట అంటారు. గోడ పగిలితే మేస్త్రి వచ్చి పూడుస్తాడు. ఆ మాటని పూడ్చడానికి ఏ మేస్త్రీ రాడు.

స్వామి కూడా సర్దుకున్నాడు

మీలో చాలామంది యాదగిరిగుట్ట వెళ్ళే ఉంటారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగి, నల్లరాతి గుడి తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ గోపురాలు, ఆ శిల్పాలు చూసి మనందరం మురిసిపోయాం. మరి అంతకుముందు, 2016 నుంచి పని జరుగుతున్న ఆ సంవత్సరాలన్నీ భక్తులు ఎక్కడ దర్శనం చేసుకున్నారో గుర్తుందా? బాలాలయంలో.

ఆగమశాస్త్రంలో బాలాలయం అంటే గుడికి మరమ్మతులు జరిగేటప్పుడు తాత్కాలికంగా ఏర్పాటు చేసే చిన్న ఆలయం. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే అష్టబంధన కార్యక్రమానికి కూడా ఇదే పద్ధతి. 2018 ఆగస్టులో జరిగిన మహాసంప్రోక్షణ పేరులోనే బాలాలయం అన్న మాట ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గుడి పని ఎన్నేళ్ళు పట్టినా నిత్యపూజ ఆగదు. గుట్ట మీద యంత్రాలు తిరుగుతున్నా, రాళ్ళు చెక్కుతున్న చప్పుడు వినిపిస్తున్నా, బాలాలయంలో స్వామికి ఆరాధన జరిగింది, నైవేద్యం జరిగింది, కల్యాణం జరిగింది. స్థలం ఇరుకైంది, సేవ మాత్రం తగ్గలేదు. "గుడి పూర్తయ్యాక అన్నీ కలిపి ఘనంగా చేద్దాంలే, అప్పటిదాకా స్వామీ, కాస్త ఓపిక పట్టు" అని ఎవరూ అనలేదు.

మరి మన ఇళ్ళల్లో మనం సరిగ్గా ఆ మాటే అంటాం. "నాన్నా, పని అయ్యేదాకా కాస్త ఓపిక పట్టు." "అమ్మా, కొత్త వంటగది వచ్చాక నీ ఇష్టమొచ్చినట్టు వండుకుందువుగాని." పిల్లలతో, "ఇప్పుడు కాదు, ఇల్లు సర్దుకున్నాక ఆడుకుందాం." మనుషులకి చేసే నిత్యసేవను మొత్తం గృహప్రవేశం దాకా వాయిదా వేసేస్తాం.

ఎవరి సేవ ఆగిపోయింది?

నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి కూకట్‌పల్లిలో ఉంటుంది. రెండు పడకగదుల ఫ్లాట్. కొడుకు ఎంతో ప్రేమగా అమ్మకోసమే వంటగది మార్పిస్తున్నాడు. పాత కడప రాళ్ళ అరలు తీసేసి మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తున్నాడు. ఆ నలభై రోజులూ అమ్మకి శ్రమ ఉండకూడదని మూడు పూటలా బయటినుంచే భోజనం తెప్పించాడు. కొడుకు మనసులో ఏ లోపమూ లేదు.

నేను పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆవిడ మంచం మీద ఓ పక్కగా కూర్చుని ఉన్నారు. "ఎలా ఉన్నారమ్మా?" అంటే నవ్వి, "మా అబ్బాయి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది బాబూ" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పొద్దున్నే లేచి పాలు పొంగించిన చేతులవి. ఆ పనే ఆవిడ పూజ, ఆ వంటగదే ఆవిడ రాజ్యం. రాజ్యం కూల్చేటప్పుడు రాణిని ఎవరూ అడగలేదు. పై అరలు ఎంత ఎత్తులో ఉండాలో డిజైనర్ కొడుకుని అడిగాడు, కోడలిని అడిగాడు. రోజూ ఆ డబ్బాలు అందుకోవాల్సిన ఆవిడ ఎత్తు ఎంతో మాత్రం ఎవరూ కొలవలేదు.

ఇది చెడ్డ కుటుంబం కథ కాదు. మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే. అందుకే చెబుతున్నాను.

రాముడు ఇల్లు కట్టించిన తీరు

రామాయణంలో ఒక గృహనిర్మాణం ఉంది. అరణ్యకాండలో అగస్త్య మహర్షి చెప్పిన మీదట సీతారామలక్ష్మణులు పంచవటికి వస్తారు. గోదావరి ఒడ్డు. నాసిక్ వాళ్ళు ఆ చోటు మాదంటారు, భద్రాచలం దగ్గర పర్ణశాల అనే ఊరు పేరులోనే ఆ ఇంటిని దాచుకుంది. ఎవరి భక్తి వారిది. నది మాత్రం ఒక్కటే.

అక్కడ రాముడు లక్ష్మణుడితో స్థలం వెతకమంటూ ఇంటికి ఏమేం కావాలో చెబుతాడు. నీళ్ళు దగ్గరగా ఉండాలి, సమిధలు, పూలు, దర్భలు దొరకాలి. వీటన్నిటికంటే ముందు ఒక మాటంటాడు. ఆ చోట సీత సంతోషంగా ఉండాలట, తర్వాత నువ్వు, తర్వాత నేను అంటాడు. వరస చూడండి. ఇంటి పెద్ద తన పేరు చివర పెట్టుకున్నాడు. ఇల్లు కట్టబోయే తమ్ముడి పేరు తనకంటే ముందు చెప్పాడు. అందరికంటే ముందు సీతమ్మ.

లక్ష్మణుడేమన్నాడు? చేతులు జోడించి, నూరేళ్ళయినా నేను మీ చెప్పుచేతల్లోవాణ్ణి, చోటు మీరే చూపించి కట్టమని ఆజ్ఞాపించండి అన్నాడు. అప్పుడు రాముడు తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని స్థలం చూపించాడు. ఒకరిని ఒకరు అడుగుతున్నారు! ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ సమర్థులే, అయినా అడుగుతున్నారు. మన ఇళ్ళల్లో టైల్స్ రంగు దగ్గర మొదలయ్యే గొడవల్లో సగం, "నన్నెవరడిగారు?" అన్న ఒక్క బాధ నుంచి వస్తాయి. రంగు ఏదైతే ఏం, ఆ మనిషికి కావలసింది అడగడం.

తర్వాత లక్ష్మణుడు మట్టి గోడలు లేపి, గట్టి స్తంభాలు నాటి, పొడవైన వెదుళ్ళు వేసి, జమ్మి కొమ్మలు పరిచి, దర్భ, రెల్లు, ఆకులతో కప్పు వేశాడు. గోదావరిలో స్నానం చేసి పద్మాలు, పండ్లు తెచ్చి, పుష్పబలి ఇచ్చి, శాంతి చేసి, అప్పుడు అన్నకి ఇల్లు చూపించాడు. రాముడు ఆ ఇల్లు చూసి తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇంత పని చేశావు, నీకు బహుమానంగా ఇవ్వడానికి నా దగ్గర ఈ ఆలింగనమే ఉంది అన్నాడు. నీలాంటివాడు ఉండగా మన నాన్నగారు లేరని అనిపించడం లేదన్నాడు.

రాజ్యం పోయింది, చేతిలో దమ్మిడీ లేదు. అయినా చేసినవాడి శ్రమని గుర్తించడానికి రాముడికి ఏ లోటూ రాలేదు. మీ ఇంట్లో రోజూ సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక ఆ సిమెంటు దుమ్మంతా ఎవరు తుడుస్తున్నారు? మేస్త్రికి టీ ఎవరు పెడుతున్నారు? సెలవు పెట్టి ఎలక్ట్రీషియన్ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? వాళ్ళకి ఒక్క మంచిమాట అందిందా? గృహప్రవేశం రోజున తాపీమేస్త్రికి, వడ్రంగికి కొత్తబట్టలు పెట్టే ఆచారం మనకుంది. కాంట్రాక్టర్‌కి డబ్బులు ఇచ్చేశాం కదా అని దాన్ని వదిలేయకండి.

మయసభలో నవ్వు

ఇంకో నిర్మాణం మహాభారతంలో ఉంది. మయుడు పద్నాలుగు నెలలకు పైగా కష్టపడి ధర్మరాజుకి కట్టిన సభ. అది కట్టమన్నది సాక్షాత్తూ శ్రీకృష్ణుడే, కాబట్టి అందమైన ఇల్లు కట్టుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ సభ చూడ్డానికి వచ్చిన దుర్యోధనుడు నీళ్ళనుకుని నేల మీద బట్టలు ఎత్తిపట్టుకుని నడిచాడు, నేలనుకుని నీళ్ళలో పడ్డాడు. చూసినవాళ్ళు నవ్వారు. దుర్యోధనుడి గుండెలో అసూయ ముందే ఉంది. ఆ నవ్వు దానికి ఆజ్యం పోసింది.

ఆకుల ఇల్లు పూర్తయ్యాక ఒక కౌగిలింత దొరికింది. మణుల సభ పూర్తయ్యాక ఒక నవ్వు వినిపించింది. మీ ఇల్లు పూర్తయ్యాక రీల్స్ తీసుకోండి, ఫొటోలు పెట్టుకోండి, సంతోషమే. ఆ రోజు అద్దె ఇంట్లో ఉండే బాబాయి వస్తారు, అప్పుల్లో ఉన్న బావగారు వస్తారు. సోఫా ఖరీదు చెప్పే ముందు వాళ్ళని ఆ సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి.

ఈ వారం మనం చేయాల్సింది

పని మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో ఒక బాలాలయం ఏర్పాటు చేసుకోండి. దుమ్ము రాని మూల చూసి, ఒక పీట, శుభ్రమైన గుడ్డ, మీ ఇష్టదైవం పటం. అంతే చాలు. మిగిలిన విగ్రహాలు, పటాలు జాగ్రత్తగా చుట్టి భద్రపరచండి. పనివాళ్ళు వెళ్ళాక దీపం పెట్టుకోండి. పెయింట్, థిన్నర్ వాసన ఉన్న రోజున మాత్రం దీపం వద్దు, ఒక పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుంటే స్వామి ఏమీ అనుకోడు.

అదే మూలలో మనుషులకీ ఒక బాలాలయం ఉండాలి. మా ఇంట్లో పని జరిగినప్పుడు ఒక సింగిల్ స్టవ్, కాఫీ ఫిల్టరు, నాన్నగారి కుర్చీ బాల్కనీలో పెట్టాం. మిగతా ఇల్లంతా తలకిందులైనా పొద్దున్న అయిదింటికి కాఫీ ఆగలేదు. మీ ఇంట్లో ఆగకూడనిది ఏమిటో మీకే తెలుసు. అమ్మమ్మ మందుల వేళ కావచ్చు, పాప హోంవర్కు కావచ్చు, అమ్మ చేతి చారన్నం కావచ్చు. రాత్రి పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి, అట్టపెట్టెల మధ్యే అయినా, అందరూ కలిసి తినండి. రేపు ఏ గది పగలగొడుతున్నారో అక్కడే చెప్పుకోండి. ఆ గది ఎవరిదో వాళ్ళని అడగండి.

యాదాద్రి నరసింహుడి కృప, పంచవటి రాముడి కృప మీ మీద ఉండాలి. మీ ఇంటికి శ్రీరామరక్ష. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

స్వస్తి.