ఒక్క గోలు తేడా

గెలిచాక అన్నీ గొప్ప గుణాలే. ఓడినప్పుడే, ఎవరు ఎవరిచేత ఏం చేయించారన్న లెక్కలు బయటికొస్తాయి. ఆటలోనైనా సంసారంలోనైనా ఇదే వరస.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. మనకు ఎదురు దక్షిణ కొరియా. ఆ పోటీల మొదట్లోనే మనల్ని 2-0తో ఓడించిన జట్టది. పైగా, ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన దేశపు అధికారి ఒకరు తప్పుపట్టారని అక్కడి జనానికి మనమీద కోపం. స్టేడియం నిండా మనవాళ్లను గేలిచేసేవాళ్లే.

మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిపించిన మన హైదరాబాదీ. ఆ రోజు ఆయన పంపిన జట్టును చూడండి. గోల్‌కీపర్ తంగరాజ్ అప్పుడే జ్వరంనుంచి లేచాడు. జర్నైల్ సింగ్ తలకు కుట్లున్నాయి. వెనక కాపలా కాసే ఆ మనిషిని రహీం ముందుకు తెచ్చి గోల్ కొట్టే చోట నిలబెట్టారు. ఫుట్‌బాల్‌లో తలతో కూడా బంతిని కొట్టాలన్న సంగతి మీకు తెలుసు కదా!

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో ఆ కుట్ల తల జర్నైల్ సింగ్ చెరో గోల్ వేశారు. ఆట ఇక అయిదు నిమిషాలుందనగా కొరియా ఒకటి వేసింది. ఆ అయిదు నిమిషాలూ ఎలా గడిచాయో గాని, చివరికి 2-1తో బంగారు పతకం మనదయింది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో రహీం కాన్సర్‌తో కన్నుమూశారు.

ఈ కథ విన్నవాళ్లంతా ‘ఎంత పట్టుదల, ఎంత త్యాగం!’ అంటారు. నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కాని ఆ చివరి అయిదు నిమిషాల్లో కొరియా ఇంకో రెండు గోల్స్ వేసి ఉంటేనో? ‘తలకు కుట్లున్నవాణ్ణి దింపడమేమిటి, ఆ కోచ్‌కు దయలేదా?’ అని మనమే అనేవాళ్లం. నిర్ణయం అదే, మనుషులూ వాళ్లే. బంతి అటు పోతే వీరత్వం, ఇటు పోతే నిర్దయ! 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్త్వవేత్తలు ఈ చిక్కుకు ‘నైతిక అదృష్టం’ అని పేరుపెట్టి చర్చించారు. ఫలాన్ని పక్కన పెట్టమని మన పెద్దలూ చెప్పారు. కాని మెచ్చుకునేటప్పుడు మన చూపు ఫలం మీదే.

ఇంట్లో ఏం జరుగుతుంది? ‘నూటరెండు జ్వరంతో కూడా అమ్మ భక్ష్యాలు చేసింది’ అని పండగపూట మురిసిపోతాం. ఆ జ్వరం ముదిరి ఆమె ఆస్పత్రి పాలైతే ‘పడుకోమంటే విందా?’ అని తప్పంతా ఆమె మీదికే తోస్తాం. పడుకోమని నిజంగా ఎవరన్నారో మాత్రం గుర్తుండదు.

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది గాని, చెరుకు సంగతి ఈ వైపు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొట్టిన చెరుకు ఆగదు. ఎండితే బరువూ పోతుంది, చక్కెరా పోతుంది. అందుకని కొట్టే కూలీ ఒళ్లు కూడా ఆగకూడదు. మరాఠ్వాడాలోని బీడ్ జిల్లానుంచి చెరుకు కొట్టబోయే ఆడవాళ్లలో ఎందరో పని పోతుందన్న భయంతో గర్భసంచులు తీయించుకున్నారని 2019లో దేశమంతా చదివింది. వాళ్లదీ ఓర్పే. దాన్ని త్యాగమనడానికి మనకు నోరొస్తుందా?

కాబట్టి త్యాగాన్ని తూచాల్సింది గెలుపుతో కాదు. ‘నావల్ల కాదు’ అనే వీలు ఆ మనిషికి ఉందా లేదా అన్నదే నాకు కొలత. జర్నైల్ సింగ్ ఇష్టపడే ఆడాడనుకుందాం. అప్పుడది ఆయన గొప్పతనం, ఓడిపోయినా గొప్పతనమే. కాదనలేక ఆడివుంటే, గెలిచినా అది అన్యాయమే. ఆటకు కూడా ఈ బుద్ధి మెల్లగానే వచ్చింది. ప్రపంచ కప్పులో ఆటగాణ్ణి మార్చుకునే వీలు 1970లో గాని రాలేదు. తలకు దెబ్బ తగిలితే మామూలు లెక్కలోకి రాకుండా అదనంగా ఒకరిని మార్చుకోవచ్చన్నది 2024లో నిబంధనల పుస్తకంలోకి ఎక్కింది.

మన నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఫుట్‌బాల్ ఆడింది. ఆమెను చూసి బంతి పట్టుకునే ఆడపిల్లలకు రహీం కథ తప్పక చెప్పండి. దాంతోపాటు, నొప్పి వేస్తే చెయ్యెత్తి బయటికి రావచ్చని కూడా చెప్పండి.

ఇక మనకు. ఈసారి ఎవరైనా ‘అబ్బ, మీకెంత ఓపికండీ!’ అంటే సంతోషించండి. సంతోషించాక ఒక్కమాట అడిగి చూడండి: ‘రేపు నేను లేవలేనంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?’ దానికి జవాబున్న ఇంట్లోనే ఆ మెచ్చుకోలుకు విలువ.