తామారును ఊరకుండుమనవచ్చునా?

చదువవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 13:1–22, 1 కొరింథీ 6:1–8, లూకా 18:1–8



దావీదు ఇంటిలో జరిగిన ఈ ఘోరమును ఆదివారపు ప్రసంగమునకు ఎన్నుకొనువారు అరుదు. అమ్నోను రోగినని నటించి, తన చెల్లెలైన తామారును గదిలోనికి పిలిపించి బలాత్కరించెను. ఆమె బూడిద తలమీద పోసికొని, అంగీ చింపుకొని, ఏడ్చుచు వీధిని నడిచిపోయెను. ఆమె దాచుకొనలేదు. దాచుమన్నవాడు ఆమె అన్న అబ్షాలోము. వాడు నీ అన్నయే గదా, మనసున పెట్టుకొనకుమని ఆమె నోరు మూయించెను. తండ్రికి మిక్కిలి కోపము వచ్చెను గాని, ఆ కోపము ఒక్క పనియు చేయలేదు. రెండు సంవత్సరములు ఇల్లంతయు మౌనముగా నుండెను. తరువాత అబ్షాలోము విందు చేసి అమ్నోనును చంపించెను. కుటుంబ గౌరవమును కాపాడుటకై చెప్పిన మాట కుటుంబమునే కాల్చివేసెను.

మన నెల్లూరు తీరమున వేటకు పోయిన పడవ వేళకు తిరిగి రానియెడల ఏమి జరుగునో ఎవరికిని చెప్పనక్కరలేదు. పాళెమంతయు ఒడ్డున చేరును. తక్కిన పడవలు వెదకపోవును. అంత లోనికి ఎందుకు పోయితివని అప్పుడెవరును అడుగరు. మొదట మనిషిని ఒడ్డునకు చేర్చుదురు. అయితే ఒక ఆడబిడ్డ సరుగుడు తోపులోనో, రొయ్యల గుంటల యొద్దనో చెరుపబడి వచ్చినప్పుడు మనము మొదట అడుగునదేమి? ఆ వేళ అటు ఎందుకు పోయినది అని గదా!

ఇతరులను నిందించుటకు మేము దీనిని వ్రాయుట లేదు. చాల ఏండ్ల క్రిందట ఇట్టి సంగతిని తీర్చుటకు కూర్చున్న పెద్దలలో మేమును ఒకరమై యుంటిమి. తప్పు చేసినవాడు తలవంచుకొని నిలిచెను. కొంత సొమ్ము పిల్ల తండ్రి చేతికి వచ్చెను. క్షమాపణను గూర్చి వాక్యము చదివి, ప్రార్థన చేసి, సమాధానమైనదని లేచితిమి. ఆ బిడ్డను మాత్రము ఎవరును ఏమియు అడుగలేదు. ఆమె ఆ గదిలోనే లేదు. మరుసటి ఆదివారము ఆ కుటుంబపు చాపమీద ఆమె చోటు ఖాళీగా నుండెను. కొన్ని నెలలకు ఆమెను దూరపు బంధువుల యింటికి పంపివేసిరని విన్నాము. ఆ దినమున మేము చేసినది సమాధానమా, అబ్షాలోము చేసిన పనియా అను ప్రశ్న నేటికిని మమ్మును విడువలేదు.

క్రైస్తవుడు క్షమింపవలెను గదా, సహోదరుని మీద న్యాయసభకు పోరాదని పౌలు చెప్పెను గదా అని కొందరు అడుగుదురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అయితే పౌలు అచ్చట మాటలాడునది ఈ జీవన సంబంధమైన తగవులను గూర్చి. నష్టము సహించుట మేలని ఆయన చెప్పినది నష్టపడిన వానితోనే గాని, పక్కన కూర్చున్నవారితో కాదు. నా సొమ్ము పోయినయెడల నేను విడిచిపెట్టవచ్చును. పొరుగువాని సొమ్మును నేను విడిచిపెట్టితినని చెప్పుట ఔదార్యమగునా? ఆలాగే ఒక బిడ్డ పొందిన గాయమును పెద్దలు క్షమింపజాలరు. క్షమించు అధికారము గాయపడినవారిది. అది దేవుని కృపవలన వారి హృదయములో, వారి కాలములో పుట్టవలెను. బలవంతముగా చేయించిన క్షమాపణ ఆమె మీద రెండవ బలవంతమే.

ఇదియునుగాక క్షమాపణ వేరు, న్యాయము వేరు. జక్కయ్య రక్షణ పొందిన దినముననే నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని ఒప్పుకొనెను. తన్ను కొట్టించిన ఫిలిప్పీ న్యాయాధిపతులు రహస్యముగా పంపివేయజూడగా, పౌలు వారినే స్వయముగా రమ్మనెను. పొలములో బలాత్కరింపబడిన కన్యను గూర్చి మోషే ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నది? ఆమె యందు పాపము లేదనియు, ఒకడు పొరుగువానిమీద పడి చంపిన దానితో ఇది సమానమనియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తెలుపుచున్నది. హత్యను సంఘపు గదిలో రాజీ చేయుదుమా?

మన దేశపు చట్టము సహితము ఈ పాఠమును మెల్లగా నేర్చుకొనెను. 1972లో మహారాష్ట్రములో ఒక బీద ఆదివాసి బాలిక పోలీసు స్టేషనులోనే చెరుపబడెనన్న కేసులో, 1978లో సుప్రీంకోర్టు పోలీసులను విడుదల చేసెను. ఆమె దేహముపై గాయములు లేవు గనుక ఎదిరింపలేదనిరి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నించుచు బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు లేచిరి. 1983లో చట్టము మారెను. మన రాష్ట్రములో 2007 ఆగష్టున విశాఖ మన్యమందలి వాకపల్లిలో పదునొకండుగురు ఆదివాసి స్త్రీలు పోలీసులు తమ్మును చెరిపిరని ఫిర్యాదు చేసిరి. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానము నిందితులను విడుదల చేసెను. అయితే దర్యాప్తు సరిగా జరుగలేదని ఎంచి, ఆ స్త్రీలకు నష్టపరిహారము ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. పదునైదేండ్లకు మించి వారు పట్టు విడువలేదు. మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచినప్పుడు నవ్వినవారు గలరు. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. విడువక అడిగిన విధవరాలి ఉపమానమును ప్రభువు ఊరక చెప్పలేదు.

కోపముతో చట్టమును దాటుటయు న్యాయము కాదు. 2019లో హైదరాబాదు సమీపమున ఒక యువ వైద్యురాలు చెరుపబడి హత్యచేయబడినప్పుడు, నిందితులు నలుగురు విచారణ లేకుండనే పోలీసు కాల్పులలో చచ్చిరి. సుప్రీంకోర్టు నియమించిన కమిషను, వారిని చంపు ఉద్దేశముతోనే కాల్చిరని 2022లో తేల్చెను. ఇది అబ్షాలోము విందు వంటిదే. మౌనమునకును పగకును నడుమ దేవుడు న్యాయస్థానమను త్రోవ ఉంచెను.

గనుక ప్రతి సంఘస్థుడు తెలిసికొనవలసినవి కొన్ని గలవు. ఏ ఊరిలో జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాయించవచ్చును. మా హద్దు కాదని త్రిప్పి పంపరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నూతన చట్టము దీనిని స్పష్టముగా చెప్పుచున్నది. బాధితురాలి మాటను స్త్రీ అధికారి వ్రాసికొనవలెను. దాని నకలు ఉచితముగా ఇయ్యవలెను. ప్రభుత్వ ఆసుపత్రియేగాని ప్రైవేటు ఆసుపత్రియేగాని వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను. సాధ్యమైనంతవరకు స్నానము చేయకమునుపే, బట్టలు ఉదుకకమునుపే పోవుట మంచిది. ఆలస్యమైనను పోవుట మానరాదు. పూర్వపు నడతను తేల్చుటకని చేయు అవమానకరమైన పరీక్షను సుప్రీంకోర్టు నిషేధించెను. ఆమె పేరును బయటపెట్టుట శిక్షార్హము. విచారణ తలుపులు మూసి జరుగును. స్త్రీలకును పిల్లలకును, ఏ కులమైనను ఏ మతమైనను, ఆదాయముతో పని లేక, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చును. నష్టపరిహారమునకును అచ్చటనే అర్జీ పెట్టవలెను. ఆపదలో 112కును, స్త్రీలు 181కును, పిల్లల నిమిత్తము 1098కిని, న్యాయసహాయమునకు 15100కును ఫోను చేయవచ్చును.

సంఘ పెద్దలు మరియొకటి గుర్తుంచుకొనవలెను. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు ఇట్టి కీడు జరిగెనని తెలిసియు చెప్పకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. పాదిరియైనను, ఉపదేశియైనను, హాస్టలు వార్డెనైనను దీనికి మినహాయింపు లేదు. బలాత్కారపు కేసులలో రాజీకి చోటు లేదని సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పెను. నిందింపబడినవాడు మన సంఘపువాడైనయెడల, తీర్పు న్యాయస్థానమునకే విడువవలెను. అంతవరకు పిల్లల నడుమ ఏ పనియు అతనికి అప్పగింపరాదు.

అయితే చట్టము ఆమెతో కూడ బస్సు ఎక్కి నెల్లూరుకు రాదు. కోర్టు వరండాలో ఆమె పక్కన కూర్చుండదు. వాయిదా దినమున పోయిన కూలిని చట్టము నింపదు. ఇది సంఘము పని. సమరయుడు దొంగలను గూర్చి ప్రసంగింపలేదు. నూనె పోసి, గాయము కట్టి, తన వాహనముపై ఎక్కించి, పూటకూళ్లవానికి సొమ్ము ఇచ్చి, తిరిగి వచ్చెదననెను. స్త్రీల సమాజములో ఇద్దరు ఆమెకు తోడు పోవుదురా? కానుకలలో కొంత ఆమె ప్రయాణమునకు ఉంచుదుమా? ఆమె వచ్చినప్పుడు చాపమీద జరిగి చోటు ఇత్తుమా?

ప్రభువా, ఊరకుండుమని మేము చెప్పిన మాటలను క్షమించుము. ఏడ్చుచు వీధిని పోవు నీ కుమార్తె ఇకమీదట మా తలుపు తట్టినప్పుడు, లేచి ఆమెతో కూడ నడుచుటకు మాకు బలమిమ్ము. ఆమేన్.