ఉపవాసం తీర్చలేని బాకీ

యూదుల పంచాంగంలో తిష్రీ మాసపు పదవ రోజున వచ్చే యోమ్ కిప్పూర్‌ను తెలుగు బైబిలు ప్రాయశ్చిత్తార్థ దినమని పిలుస్తుంది. ముందునాటి సూర్యాస్తమయం నుండి మరునాడు చీకటి పడి నక్షత్రాలు కనిపించేదాకా, దాదాపు 25 గంటలపాటు సాగే ఈ వ్రతంలో అన్నపానీయాలతోపాటు స్నానం, తైలలేపనం, తోలు పాదరక్షలు, దాంపత్యసుఖం కూడా నిషిద్ధాలు. ప్రాణాపాయమున్న రోగి మాత్రం భుజించి తీరాలి. అయితే ఈ దినాన్ని విధించిన లేవీయకాండపు వాక్యాలలో ఉపవాసమనే పదం లేదు, ప్రాణాన్ని కష్టపెట్టుకోమన్న ఆజ్ఞ మాత్రమే ఉంది. సంస్కృత వ్యుత్పత్తిని బట్టి ఉపవాసమంటే దగ్గరగా వసించడం కాగా, హీబ్రూ మాటలో ఆ సామీప్యధ్వని లేదు, ఉన్నది కష్టమే.

ఆ కష్టం దేనిని కడుగుతుందన్న ప్రశ్నకు, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మసంహిత మిష్నా ఒక హద్దు గీసింది: మనిషి దేవుని పట్ల చేసిన తప్పులకు ఈ దినం ప్రాయశ్చిత్తమవుతుంది గాని, తోటిమనిషికి చేసిన అపకారానికి, ఆ మనిషిని ప్రసన్నం చేసుకునేదాకా కాదు. పరలోకపు క్షమను పొరుగువాని నోటిమాటకు ముడిపెట్టిన ఈ నియమం ఆకలికంటే కఠినమైనదనాలి. పన్నెండవ శతాబ్దపు పండితుడు మైమోనిదీస్ దీనిని వివరిస్తూ, సొమ్ము తిరిగి చెల్లించినా సరే క్షమాపణ వేడవలసిందేనని, నిరాకరించినవాని వద్దకు ముగ్గురేసి మిత్రులను వెంటబెట్టుకొని మూడుసార్లు వెళ్లాలని, అప్పటికీ కరగకపోతే దోషం అతనిదే అవుతుందని అంటాడు. గురువు విషయంలో ఈ లెక్క చెల్లదు, వేయిసార్లయినా వెళ్లవలసిందే. బాధితుడు మరణించి ఉంటే పదిమందిని సమాధి వద్దకు తీసుకువెళ్లి అక్కడ తప్పు ఒప్పుకోవాలి. బాకీ ఉంటే వారసులకు చెల్లించాలి.

పశ్చాత్తాపమన్న మన మాటలో పిదప రగిలే తాపం వినిపిస్తే, యూదుల 'తెషువా'కు అర్థం తిరిగి రావడం. అందుకే మైమోనిదీస్ దృష్టిలో, ఒకనాడు తప్పు చేసినవాడు మళ్లీ అదే అవకాశం, అదే శక్తి ఉండి కూడా దానికి దూరంగా నిలిచినప్పుడే తెషువా సంపూర్ణమవుతుంది.

యోమ్ కిప్పూర్ నాటి మధ్యాహ్న ప్రార్థనలో యోనా గ్రంథం చదువుతారు. అందులో నీనెవె పురవాసులు గోనెపట్ట కట్టి, పశువులకు సైతం మేత మాన్పించి ఉపవసిస్తారు. కాని దేవుడు చూసినట్టు ఆ గ్రంథం చెప్పినది వారి గోనెపట్టనో ఉపవాసాన్నో కాదని, చెడునడత విడిచిన వారి క్రియలనేనని, ఉపవాసాలకే కేటాయించిన తానీత్ ప్రకరణంలో మిష్నా గుర్తుచేస్తుంది.